చేసి నేర్చుకునే హక్కు: అంగన్‌వాడీ పిల్లలు, అంగన్‌వాడీ టీచర్లు

(మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'చిన్నపిల్లలు చేతులతో చేసి నేర్చుకునే చోట్లు'. పట్నాల్లోని ఖరీదైన బడులు తమ ప్రకటనల్లో దీన్నే 'మేకర్ స్పేస్' అంటున్నాయి. మట్టి, కొయ్యముక్కలు, గుడ్డపేలికలు, అట్టపెట్టెలు, తాడు, జిగురు, చిన్న సుత్తి వంటివి పిల్లలకు అందేలా పెట్టిన చోటు అన్నమాట. అక్కడ పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోరు. ఏదో ఒకటి చేస్తారు, విప్పుతారు, మళ్ళీ చేస్తారు. గృహహింస, వరకట్నం, కూలి రేట్ల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పిల్లల ఆటల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి నా జవాబు ఇది. మూడేళ్ళ పిల్ల చేతికి మట్టిముద్ద అందాలంటే బొమ్మల పెట్టె ఒక్కటే చాలదు. ఆ పిల్ల పక్కన కూర్చునే స్త్రీకి తీరిక ఉండాలి, జీతం ఉండాలి, టీచరన్న గుర్తింపు ఉండాలి. పిల్లల చదువునూ ఆ స్త్రీ శ్రమనూ విడదీసి అడిగితే మనకు రెండూ దక్కవు.

మొదట చేతులతో నేర్చుకోవడమంటే ఏమిటో చూద్దాం. నాలుగేళ్ళ పిల్ల బంకమట్టిని అరచేతుల మధ్య నలిపి పాము చేస్తుంది. పాము పొడుగయ్యే కొద్దీ సన్నబడుతుంది, మరీ సన్నబడితే తెగిపోతుంది. నీళ్ళెక్కువైతే మట్టి జారుతుంది, తక్కువైతే పగుళ్ళిస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఇవన్నీ ఆ పిల్ల వేళ్ళకు తెలుస్తాయి. లెక్కలకూ సైన్సుకూ పునాది ఇదే. 'నాది తెగింది, నీదెందుకు తెగలేదు?' అని పక్కపిల్లను అడుగుతుంది. అక్కడే భాష పెరుగుతుంది. బలపం పట్టుకోవడానికి కావలసిన వేళ్ళ బలం కూడా మట్టి పిసకడంలో, కాగితం చింపడంలో, గుడ్డ ముడి వేయడంలో వస్తుంది. ఆ బలం రాకముందే మూడేళ్ళ పసివాళ్ళ చేత గంటల తరబడి అక్షరాలు దిద్దిస్తే వాళ్ళు నేర్చుకునేది చదువంటే భయాన్నే.

ఇది మనకు కొత్తేమీ కాదు. ముంజలు తిన్నాక ఖాళీ కాయలు రెండింటిని పుల్లకు గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ బండి నడిపిన పిల్లలు మన ఊళ్ళ నిండా ఉన్నారు. జొన్నచొప్ప పెచ్చు ఒలిచి, లోపలి బెండుతో ఎడ్లబండీ కళ్ళజోడూ చేసినవాళ్ళున్నారు. కొబ్బరాకుతో బూరలు చుట్టినవాళ్ళున్నారు. అయితే పాతకాలమంతా బంగారమని నేననడం లేదు. ఆ బండి తోసింది ఎక్కువగా మగపిల్లలే. అదే ఈడు ఆడపిల్ల చంకలో తమ్ముడుండేవాడు, చేతిలో చీపురుండేది. అందుకే చేసి నేర్చుకునే అవకాశం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నను మనం వదలకూడదు.

ఇలాంటి బడులనగానే ప్రపంచమంతా ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణం పేరు చెబుతుంది. మన పట్నాల్లోని బడులు కూడా ఆ పేరు వాడుకుంటున్నాయి. అక్కడి బడులు ఎలా పుట్టాయో మాత్రం ఆ ప్రకటనల్లో ఉండదు. 1945 ఏప్రిల్‌లో ఫాసిస్టుల, నాజీల పీడ వదిలిన కొద్ది రోజులకే, ఆ పట్టణం పక్కనున్న విల్లా చెల్లా అనే పల్లె జనం తమ పిల్లలకు బడి కట్టుకోవడానికి పూనుకున్నారు. పారిపోయిన జర్మన్ సైన్యం వదిలేసిన యుద్ధ ట్యాంకునూ లారీలనూ గుర్రాలనూ అమ్మగా వచ్చిన డబ్బే పెట్టుబడి. ఆ డబ్బుతో నాటకశాల కట్టాలని మగవాళ్ళు, బడి కట్టాలని ఆడవాళ్ళు వాదించుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. చివరికి ఆడవాళ్ళ మాటే నెగ్గింది. బాంబులకు కూలిన ఇళ్ళ ఇటుకలు ఏరుకొచ్చి, ఏటి నుంచి ఇసుక మోసుకొచ్చి, రాత్రుళ్ళూ ఆదివారాలూ పనిచేసి కట్టుకున్నారు. లోరిస్ మలగుట్సి అనే యువ ఉపాధ్యాయుడు ఈ సంగతి విని సైకిలెక్కి వెళ్ళి చూశాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ పనికే ఇచ్చాడు.

కథ అంతటితో ఆగలేదు. ఇటలీ మహిళా సంఘం తానే ఇలాంటి బడులు కొన్ని నడుపుతూ, ఈ బాధ్యత ప్రభుత్వానిదేనని ఏళ్ళ తరబడి పోరాడింది. రెజ్జో పురపాలక సంఘం 1963లో తన మొదటి శిశు బడి తెరిచింది. దేశమంతటికీ వర్తించేలా 1968లో ప్రభుత్వ శిశు బడుల చట్టం, 1971లో మూడేళ్ళ లోపు పిల్లల సంరక్షణ కేంద్రాల చట్టం వచ్చాయి. ఈ చట్టాల వెనుక ఉద్యోగం చేసే స్త్రీలు, కార్మిక సంఘాలు చేసిన ఒత్తిడి ఉంది. రెజ్జో బడుల్లో 'అతెలియె' అనే పనిశాల ఉంటుంది. దాన్ని చూసుకోవడానికి కళలు నేర్చిన మనిషి విడిగా ఉంటుంది. పిల్లలు ఏం చేశారో రాసుకోవడానికి, తోటివాళ్ళతో చర్చించుకోవడానికి టీచర్లకు జీతంలో భాగంగానే వారానికి కొన్ని గంటలు ఇస్తారు. 1996లో అక్కడ 'రెమిదా' అనే కేంద్రం మొదలైంది. ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన కాగితం, గుడ్డ, తోలు, ప్లాస్టిక్ ముక్కలను సేకరించి బడులకు ఇవ్వడం దాని పని. అంటే వస్తువులు చవకవే. మనుషుల సమయానికే ఖర్చు పెట్టారు. ఆ ఖర్చును ప్రభుత్వం భరించేలా చేసింది స్త్రీల ఉద్యమం.

ఇటలీ ధనిక దేశం, మనకెలా కుదురుతుందని అడుగుతారు. యుద్ధంలో కూలిన 1945 నాటి ఇటలీ ధనిక దేశం కాదు. పైగా సరిగ్గా ఆ ఏడాదే మన దేశంలో తారాబాయి మోడక్ బొంబాయికి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న బోర్డీ అనే ఊళ్ళో పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టింది. అంతకుముందు ఆమె గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకాతో కలిసి పనిచేసింది. 1926లో ఇద్దరూ కలిసి నూతన్ బాల శిక్షణ సంఘం స్థాపించారు. మాంటిస్సోరి పద్ధతి మంచిదే కానీ దాని సామాను పేదవాళ్ళు కొనలేరు. అందుకని తారాబాయి, ఆమె సహచరి అనుతాయి వాఘ్ గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, మట్టి తీసుకున్నారు. 1957లో ఆ కేంద్రం కోస్బాడ్ కొండకు మారింది. చుట్టూ వార్లీ ఆదివాసుల గూడేలు. పిల్లలు బడికి రాకపోతే బడే గూడేనికి వెళ్ళింది. గుడిసె ముందు వాకిలి ఊడ్చి, అక్కడే పిల్లలను కూర్చోబెట్టారు. ఆ వాకిలి బడి నుంచే 'అంగన్‌వాడీ' అన్న మాట వచ్చింది. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఎత్తుకోవాలి గనక పెద్ద ఆడపిల్లలు బడికి రావడం లేదని గమనించి, పసిపిల్లల సంరక్షణనూ బాలవాడినీ ప్రాథమిక పాఠశాలనూ ఒక్కచోటే నడిపారు. పసిపిల్లను చూసుకునే చోటు ఉంటేనే అక్క చదువుకుంటుందన్న సత్యం వాళ్ళకు ఆనాడే తెలుసు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టి, కోస్బాడ్ పేరునే తీసుకుంది. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఇంత విస్తృతమైన ఏర్పాటు మరే దేశంలోనూ కనబడటం కష్టం. పేరైతే తీసుకున్నారు గానీ ఆ పనికి కావలసిన తీరిక ఇవ్వలేదు. టీచరు రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. గుడ్లూ పాలూ బియ్యం లెక్క చూడాలి, పిల్లల బరువు తూచాలి, గర్భిణుల పేర్లు నమోదు చేయాలి, టీకాల రోజు తల్లులను పిలవాలి, రిజిస్టర్లు రాయాలి. అవే వివరాలు మళ్ళీ ఫోనులో పోషణ్ ట్రాకర్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే చెట్టు కిందికీ మిద్దె మీదికీ వెళ్ళాలి. పైనుంచి ఏ సర్వే వచ్చినా అదీ ఆమెకే. ఇక మట్టి పిసికించేదెప్పుడు?

సామాను సంగతి కూడా చూడండి. పాఠశాల పూర్వ విద్యకని ఇచ్చిన ఆటవస్తువులు చాలా చోట్ల ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటాయి. టీచరు బద్ధకస్తురాలని మనమే తొందరపడి అనేస్తాం. తనిఖీకి వచ్చినప్పుడు లెక్క తగ్గితే, బొమ్మ విరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం ఆమెది. పిల్లలు వాడితే వస్తువు అరుగుతుంది, విరుగుతుంది. అరగని వస్తువు పిల్లల చేతికి రాలేదని అర్థం. అది ఆమెను శిక్షించవలసిన విషయం కాకూడదు. మరో పోలిక చెబుతాను. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తున్నారు. అది మంచి పనే. కానీ చేతులతో నేర్చుకునే ఈడు ఆరో తరగతిలో మొదలవదు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచే చదువు మొదలవుతుందని ఒప్పుకుంది. 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అనే ఆటల పెట్టె విడుదల చేశారు, 'పోషణ్ భీ పఢాయీ భీ' అంటూ అంగన్‌వాడీల్లో చదువుకు పిలుపునిచ్చారు. పెట్టె వచ్చింది, పిలుపు వచ్చింది. టీచరు మీదున్న పాత పనుల్లో ఏ ఒక్కటి తగ్గిందో అడగాలి.

ఇప్పుడు జీతం దగ్గరికి వద్దాం. దాన్ని జీతమని కూడా అనరు, 'గౌరవ వేతనం' అంటారు. 2018లో కేంద్ర ప్రభుత్వం తన లెక్క ప్రకారం టీచరుకు 3,000 నుంచి 4,500 రూపాయలకూ, ఆయాకు 1,500 నుంచి 2,250కూ పెంచింది. దానిపైన రాష్ట్రాలు కొంత కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో టీచరుకు 11,500, ఆయాకు 7,000 ఇస్తున్న రోజుల్లో, 2023 డిసెంబరు 12న టీచర్లూ ఆయాలూ సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. 2024 జనవరి 6న రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఇందులోని వైరుధ్యం చూడండి. జీతమడిగితే 'మీరు ఉద్యోగులు కారు, సేవకులు' అంటారు. పని ఆపితే 'మీది అత్యవసర సేవ' అని చట్టం చూపిస్తారు. ఇంట్లో ఆడవాళ్ళ పని గురించి కూడా సమాజం అనేది ఇదే. అది లేకపోతే ఇల్లు గడవదు, కానీ దానికి విలువ కట్టరు. పసిపిల్లల్ని చూసుకోవడం ఆడదానికి పుట్టుకతో వచ్చే గుణమనీ, నైపుణ్యం కాదనీ పితృస్వామ్యం చెప్పే మాటను రాజ్యం కూడా తన ఖాతా పుస్తకంలో రాసుకుంది.

సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న ఇచ్చిన తీర్పు ఇక్కడ మనకు ఆయుధం. అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని కోర్టు చెప్పింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడ జరిగేది విద్యా కార్యక్రమమేనని కూడా గుర్తించింది. ఈ రెండో మాట మనకు చాలా ముఖ్యం. అది విద్య అయితే ఆమె టీచరు. టీచరయితే ఆమెకు శిక్షణ, సమయం, వేతనం ఇవ్వాలి.

పిల్లల వైపు చట్టం ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. 1993లో ఉన్నికృష్ణన్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో, పద్నాలుగేళ్ళు నిండే వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. కింది వయసుకు హద్దు పెట్టలేదు. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ తెచ్చినప్పుడు ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ళకు కుదించారు. ఆరేళ్ళ లోపు పిల్లలను 45వ అధికరణంలో పెట్టి, రాజ్యం 'ప్రయత్నించాలి' అని సరిపెట్టారు. 2009 విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్ళు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుంది తప్ప చేసి తీరాలనదు. మెదడు అన్నింటికన్నా వేగంగా పెరిగే ఆ వయసులోనే పిల్లకు హక్కు లేదు. ఈ లోటును డబ్బున్న తల్లిదండ్రులు ఫీజు కట్టి పూడ్చుకుంటారు. కూలి తల్లి పూడ్చుకోలేదు.

ఊళ్ళలో మనకు ఎదురయ్యే ఒక ప్రశ్నను దాటవేయకుండా మాట్లాడుకుందాం. 'మా తాతలు మట్టి పిసికారు, మా నాన్న తోలు కోశాడు, మా పిల్లలకూ అదేనా? మాకు ఇంగ్లీషు చదువు కావాలి' అని దళిత, వెనుకబడిన కులాల తల్లులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. పేదల పిల్లలకు చేతిపనీ, పెద్దల పిల్లలకు పుస్తకమూ అని పంచిపెట్టడమే కుల వ్యవస్థ చేసిన పని. మనం కోరేది ఆ పంపకాన్ని రద్దు చేయడం. కుండ చేయడంలో, చెప్పు కుట్టడంలో, దుక్కి దున్నడంలో ఉన్న విజ్ఞానాన్ని పిల్లలకు చెప్పడానికే కంచ ఐలయ్య 2007లో ఒక పుస్తకం రాశారు. డబ్బున్న ఇళ్ళ పిల్లలు వేలకు వేలు కట్టి ఏ మట్టినైతే పిసుకుతున్నారో, ఆ మట్టినే మన పిల్లలకు తక్కువ చదువుగా చూపడాన్ని ఒప్పుకోవద్దు. మంచి పుస్తకం, ఇంగ్లీషు, మట్టి, కొయ్య అన్నీ అందరికీ కావాలి.

ఇంకో గీత కూడా స్పష్టంగా గీసుకోవాలి. తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టే పిల్ల కూడా చేతులతోనే పని చేస్తోంది. పత్తి విత్తనాల చేలలో పువ్వులు రుద్దే ఆడపిల్లలూ చేతులతోనే చేస్తున్నారు. అది చదువు కాదు. విసుగొస్తే మానేయవచ్చా? చేసినదాన్ని చెరిపి మళ్ళీ చేయవచ్చా? చేసింది ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు అడిగితే తేడా తెలిసిపోతుంది. పిల్లకు ఆపే స్వేచ్ఛ లేని చోట జరిగేది బాలల శ్రమ దోపిడీయే.

అంగన్‌వాడీలో ఇలాంటి మూల పెట్టగానే స్త్రీ పురుష అసమానత పోతుందనీ అనుకోవద్దు. గిన్నెలూ బొమ్మపొయ్యీ ఆడపిల్లల ముందు, ఇటుకలూ సుత్తీ బండీ మగపిల్లల ముందు పెట్టే అలవాటు మనందరి చేతుల్లో ఉంది. ఆడపిల్ల మేకు కొడితే 'వేలికి తగులుతుంది, వద్దమ్మా' అంటాం. మగపిల్లవాడు బొమ్మకు ఉయ్యాల కడితే నవ్వుతాం. ఈ మాటలు మానుకోవడానికి కిట్టు అక్కర్లేదు. సామాను కలిపి పెట్టి ఎవరికి ఏది కావాలో వాళ్ళనే తీసుకోనివ్వాలి. వెనక నిలబడ్డ పిల్లకు చోటిచ్చేలా చూడాలి. నడవలేని, చూడలేని, వినలేని పిల్లలకు కూడా చేతులతో చేసే పనిలో చోటుంటుంది.

జాగ్రత్తలూ చెప్పాలి. చింతగింజలు, శనగలు, పూసలు మూడేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకండి. ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. గడియారాల్లో వాడే బిళ్ళ బ్యాటరీలు మింగితే ప్రాణాపాయం, అవి కేంద్రంలో ఉండనే కూడదు. పురుగుమందుల, రసాయనాల డబ్బాలు ఖాళీవైనా తేవద్దు. మందుల కంపెనీ అట్టలు, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు, వడ్రంగి దగ్గర నునుపు చేసిన చెక్కముక్కలు, కుమ్మరి ఇంటి మట్టి చాలు.

ఇక మనం చేయవలసింది. మొదటిది, రోజుకు ఒక గంట పిల్లలు చేతులతో చేసే సమయంగా ఉండాలనీ, ఆ గంటలో టీచరును ఫోనులో, రిజిస్టర్లలో, సర్వేల్లో పెట్టకూడదనీ ప్రాజెక్టు స్థాయిలో రాతపూర్వకంగా అడగాలి. రెండవది, మట్టి, కాగితం, జిగురు, రంగుల కోసం నెలనెలా కొద్దిపాటి నిధి కావాలి. వాడగా విరిగిన వస్తువుకు టీచరు నుంచి వసూలు చేయరాదన్న ఆదేశం కావాలి. మూడవది, ఊళ్ళోని కుమ్మరి, మేదరి, దర్జీ పనివాళ్ళను, ముఖ్యంగా స్త్రీలను, నెలకు రెండు రోజులు కేంద్రానికి పిలవాలి. వాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వాలి. సేవ పేరుతో ఇంకొక స్త్రీ శ్రమను ఉచితంగా తీసుకునే పని మనం చేయకూడదు. నాలుగవది, అంగన్‌వాడీ యూనియన్ల వేతన, గ్రాట్యుటీ డిమాండ్లను పిల్లల హక్కుల డిమాండ్లుగా మన కరపత్రాల్లో రాయాలి. సమ్మె జరిగినప్పుడు 'పిల్లలు ఇబ్బంది పడుతున్నారు' అని తల్లులను టీచర్ల మీదికి ఉసిగొల్పే ప్రయత్నం జరుగుతుంది. తల్లులతో ముందుగానే మాట్లాడి ఉండాల్సింది మనమే. ఐదవది, మూడేళ్ళ నుంచే విద్య హక్కు కావాలని, కేంద్రాల వేళలు కూలి తల్లుల పని వేళలకు సరిపోవాలని గ్రామసభల్లో తీర్మానాలు చేయించాలి.

వచ్చే మూడు నెలల్లో మీరు ఏ ఊరికి వెళ్ళినా అంగన్‌వాడీకి వెళ్ళండి. తనిఖీ అధికారిలా వెళ్ళవద్దు. పిల్లలతో పాటు కింద కూర్చోండి. ఆ వారంలో పిల్లలు తమ చేతులతో ఏం చేశారో చూడండి. ఏమీ చేయకపోతే, టీచరు ఆ రోజు ఏయే పనులు చేసిందో గంట గంటకూ ఆమె చేతనే చెప్పించి రాసుకోండి. ఆ కాగితాలతో తిరిగి కలుద్దాం. జిల్లా అధికారుల ముందు పెట్టడానికి అంతకన్నా బలమైన వినతిపత్రం మనకు అక్కర్లేదు.